కుక్కపెట్టెలో మూడంగుళాలు

దుబాయ్‌లో దేరా పేటలోని ఆ ఆసుపత్రిలో ఎముకల వార్డుకు పెద్ద నర్సుగా ఉన్న తొమ్మిదేళ్ళలో మరియకుమారి విషమందుల బీరువా తాళంచెవిని సంతకం తీసుకోకుండా ఒక్కరి చేతికీ ఇచ్చి ఎరుగదు. డ్యూటీ మారే వేళ ముందు సీసాల లెక్క, తరువాత పుస్తకంలో రెండు సంతకాలు, ఆ తరువాతే తాళంచెవి. ఒకసారి ముదీర్ అంతటివాడు, ఆసుపత్రి మొత్తానికి మేనేజరు, తొందరపడి చెయ్యి చాపితే ఆమె ఆ చేతిలో తాళంచెవికి బదులు పెన్ను పెట్టింది. ఆయన నవ్వలేదు. సంతకం మాత్రం చేశాడు.

అటువంటి మనిషి 1986 మే నెలలో, యాభై మూడో ఏట, ఉద్యోగం చాలించుకొని, ఒక కుక్కను వెంటబెట్టుకొని నరసాపురం బయలుదేరింది. దుబాయ్ నుంచి బొంబాయి దాకా విమానం, అక్కడి నుంచి రెండు రైళ్ళు. ఆ కుక్క ప్రాణంతో ఇల్లు చేరడమొక్కటే ఆమెకు కావలసింది. తక్కిన సామానంతా సముద్రంలో మునిగినా ఆమె కంట తడి పెట్టేది కాదు.

అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, లోకం నేర్పిన పాఠం. 1975 ఆగస్టులో బొంబాయి ఏజెంటు ఒకడు పరిశీలనకని చెప్పి ఆమె నర్సింగు డిప్లొమా అసలు ప్రతిని పుచ్చుకొన్నాడు. ఆమె దుబాయ్‌లో దిగేసరికి ఆ కాగితం గాలిలో కలిసిపోయింది. పద్దెనిమిదేళ్ళు మిషను ఆసుపత్రిలో రోగుల నాడి పట్టిన చేతులు పదకొండు నెలలపాటు ఆయా చేతులై మలమూత్రాల పళ్ళేలు మోశాయి. కళ్ళెదుట సూదిమందు వేసి చూపిస్తానన్నా కాగితమేదని అడిగారే గాని, చూపించమన్న అధికారి ఒక్కడు లేడు. మనిషి కంటె కాగితమే గొప్పదని తీర్మానించిన లోకం, ఆ కాగితాన్ని మాయం చేసినవాడికి శిక్ష వేయకపోవడం ఏ ధర్మమో ఆమెకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. ఆ ఏజెంటు ఆ తరువాత కూడా శుభ్రమైన తెల్లచొక్కా తొడుక్కొని వందలమందిని విమానమెక్కించాడు. తాను చదివిన గుంటూరు నుంచి నకలు వచ్చిన రోజున మరియకుమారి ఒక నల్ల రేకుపెట్టె కొన్నది. అప్పటినుంచి తన కంటబడిన ప్రతి కాగితానికీ ఒక కార్బను ప్రతి తీసి అందులో దాచింది. పనికిరాని కాగితమంటూ ఒకటి ఉండదని ఆమె సిద్ధాంతం.

ఆ పదకొండేళ్ళలో ఏ కాగితమూ అడగకుండా ఆమె దగ్గరకు తీసిన ప్రాణి ఈ కుక్క, చుక్క, ఒక్కటే. 1979 చలికాలంలో ఆసుపత్రి వంటశాల వెనుక పుట్టింది. తల్లిని లారీ తొక్కేసింది. కళ్ళు తెరవని పిల్లకు మరియకుమారి చుక్కలమందు గొట్టంతో పాలుపట్టి బతికించింది. గోధుమరంగు ఒళ్ళు, నుదుట తెల్లని బొట్టు, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. నర్సుల క్వార్టర్సులో కింది అంతస్తులో ఆమె గదికి వెనుక చిన్న పెరడుండేది. కుక్క అక్కడే పెరిగింది. ఆమె చేతి అన్నం తప్ప ముట్టదు. ఆమె డ్యూటీ నుంచి తిరిగివచ్చే చెప్పుల చప్పుడు గేటు దగ్గరే గుర్తుపట్టేది. ఇప్పుడా క్వార్టర్సును పడగొట్టి కొత్త భవనం కడతారని నోటీసు అంటించారు. ఆమె లేని వాకిట్లో ఆ కుక్క వీధికుక్కలను పట్టుకుపోయే బండికి దొరకడానికి ఒక్క వారం పట్టదు.

అందుచేత ఫిబ్రవరి నుంచే సన్నాహం మొదలైంది. మార్చి మూడున పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించి, పత్రంమీద మందుసీసా నంబరు కూడా రాయించింది. విమాన సంస్థ వారి కార్యాలయంలో కుక్కపెట్టె ఎలా ఉండాలని అడిగితే, అక్కడి గుమస్తా లోపల కుక్క నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి అని నోటితో చెప్పాడు. ఆమె రాసి ఇమ్మన్నది. పదేళ్ళలో ఎవరూ ఇలా అడగలేదని అతడు విసుక్కొంటూ అచ్చుకాగితం ఒకటి వెదికి తీశాడు. అంటే అచ్చుకాగితం ఉండి కూడా ఇంతకాలం నోటితో సరిపెట్టారన్నమాట. ప్రయాణానికి వారం ముందు తీసుకోవలసిన ఆరోగ్యపత్రంలో పశువైద్యుని గుమస్తా "గోధుమరంగు కుక్క" అని మాత్రం రాశాడు. ఆమె కదలలేదు. ఊళ్ళో గోధుమరంగు కుక్కలెన్ని లేవు, రేపు బొంబాయిలో మరొకరి కుక్కను చూపించి ఇదే నీదంటే ఎవరిని అడగాలని నిలదీసి, తెల్లబొట్టూ వాలిన చెవీ కాగితంలోకి ఎక్కించేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.

పక్క గది నర్సు దయారాణిది పాలకొల్లు. మంచి పిల్లే, నోరు మాత్రం కాస్త వదులు. ఆమె ఒకనాడు కాగితంపొట్లంలో నాలుగు నిద్రమాత్రలు తెచ్చి, అరమాత్ర అన్నంలో కలిపితే కుక్క బొంబాయి దాకా కిక్కురుమనదని చెప్పింది. మరియకుమారి ఆ పొట్లం వంక తేలును చూసినట్టు చూసింది.

"మత్తిచ్చిన రోగిని ఎవరూ లేని గదిలో పడుకోబెట్టి తలుపేసుకుని పోతావా?"

"కుక్కకీ రోగికీ పోలికేంటక్కా?"

"ఊపిరికి పోలికే. విమానం కడుపులో అది ఒక్కతే ఉంటాది. ఊపిరి ఆగితే చూసేదెవరు?" అని మరియకుమారి మాత్రలు లెక్కపెట్టి, నాలుగూ తిరిగి వార్డుకు చేర్చినట్టు పుస్తకంలో దయారాణి చేత సంతకం చేయించింది.

ఆ అనుమానం న్యాయమైనదే. అన్ని అనుమానాలూ అలా ఉండవు.

ఆ ఏడాది సంక్రాంతి వెళ్ళాక ఆసుపత్రిలో పనిచేసే ఒక అమ్మాయి సెలవుమీద ఊరికి పోతూ, ప్రార్థనకూటంలో పరిచయమైన ఎవరో ఇచ్చిన హల్వా డబ్బా బ్యాగులో పెట్టుకొంది. బొంబాయి కస్టమ్సువారు డబ్బా అడుగు కోస్తే బంగారం బిస్కట్లు బయటపడ్డాయి. ఇచ్చినవాడు దుబాయ్‌లో సుఖంగా ఉన్నాడు. మోసిన పిల్ల కోర్టు కచేరీల చుట్టూ తిరిగింది. ఆ వార్త విన్నది మొదలు మరియకుమారి ఎవరి పొట్లమూ ముట్టలేదు, ఉత్తరం కూడా విప్పి చదవకుండా పుచ్చుకోలేదు. కుక్కపెట్టె అనేసరికి ఆమెకు మొట్టమొదట తోచింది ఇదే. కరిచే కుక్క ఉన్న పెట్టెలో చెయ్యి పెట్టి వెదికే అధికారి ఎక్కడుంటాడు? దొంగకు ఇంతకంటె మంచి సందూక దొరకదు.

పెట్టె చేయించడానికి దయారాణి ఆమెను అల్ కుసైస్‌లో కర్రపని చేసే ఒక షెడ్డుకు తీసుకువెళ్ళింది. రంపంపొట్టు మడమలదాకా ఉన్న ఆ షెడ్డులోంచి నలభై ఏళ్ళ మనిషి ఒకడు ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ వచ్చాడు. పేరు అబ్బులు, ఊరు కోటిపల్లి రేవు దగ్గర. ఆమెను చూడగానే భుజంమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకొన్నాడు.

"నన్ను గుర్తట్టలేదాండి అమ్మగోరూ? తమరి వార్డులో పడున్నానండి, రెణ్ణెల్లు."

ఆమెకు గుర్తు రాలేదు. ఎముకల వార్డులో తొమ్మిదేళ్ళుగా వేలమంది పడున్నారు. కాలు ఈడ్చే పనివాడు ఆ ఊళ్ళో అడుగుకొకడు. పైగా, పాత పరిచయం కలిపి మాట మొదలుపెట్టడం మోసగాళ్ళ మొదటి పాఠమని ఆమెకు తెలుసు. తేదీ అడిగింది. యానభై ఒకటో, యానభై రెండో అన్నాడు. తేదీ చెప్పలేని పరిచయాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. సరిచూద్దామంటే రేకుపెట్టె అప్పటికే తక్కిన సామానుతో ఓడకు చేరింది. దారిలో అవసరమైన కాగితాలు మాత్రమే చేతిసంచిలో ఉన్నాయి.

అబ్బులు షెడ్డులో పని ముగిశాక తన సొంత వేళలో పెట్టె చేశాడు. కూలి వద్దన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె అనుమానానికి కాళ్ళు మొలిచాయి. ఎవరి కుక్కకో ఊరికే పెట్టె చేసిపెట్టేంత తీరిక దుబాయ్‌లో ఎవడికుంది?

పదిరోజుల తరువాత పెట్టె చూడడానికి వెళ్ళినప్పుడు ఆమె సంచిలో కొలత టేపుంది. చిత్రిక పట్టిన చెక్క చేతికి నున్నగా తగిలింది. మూడు వైపులా గాలికి వరుసగా కన్నాలున్నాయి. తలుపు ఇనుప వలది. ఆమె మెచ్చుకోలేదు, కొలిచింది. వెలుపలి ఎత్తు ఇరవై ఏడంగుళాలు. లోపలి ఎత్తు ఇరవై నాలుగు. మళ్ళీ కొలిచింది. మూడంగుళాలు ఎక్కడికో పోయాయి. వేళ్ళతో అడుగుభాగాన్ని తడితే డొల్లమోత వినిపించింది. ఆమె అబ్బులు వైపు తిరిగింది.

"అబ్బులూ, ఈ అడుగు రెండు పొరలెందుకయ్యా?"

"కిందకి పోటానికండి."

"ఏది?"

అతడు తల వంచుకొన్నాడు. ఆడమనిషి ముందు ఆ మాట అనడానికి సిగ్గుపడ్డాడని దయారాణికి అర్థమైంది. మరియకుమారికి మాత్రం అది తప్పు దాచే ముఖంలాగా కనిపించింది. చివరకు దయారాణి గద్దిస్తే నోరు విప్పాడు.

"ఉచ్చండి. మా రేవులో పంటుమీద మేకల్ని గోదారి దాటిస్తామాండి, అడుగున తడికెయ్యకపోతే వాటి కాళ్ళు ఆ తడిలోనే నానిపోతాయండి. అందుకే పైన బద్దలేశానండి, కింద కాళీ ఒగ్గేశానండి. గాలి కూడా ఆడుద్దండి."

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉన్న మాటే ఆమెను మరింత భయపెట్టింది. హల్వా డబ్బా ఇచ్చినవాడు కూడా సబబుగానే మాట్లాడి ఉంటాడు. రెండో అడుగు తీసెయ్యమన్నది. అప్పుడు అబ్బులు తల ఎత్తి, అది తీస్తే తాను పని చెయ్యననీ, వేరేవాళ్ళ చేత చేయించుకోవచ్చుననీ అన్నాడు. మొదటిసారిగా అతని గొంతులో "అండి" లేదు.

ఆమె టేపు చుట్టి సంచిలో వేసుకొంది. చివరికి ఆమె ఒక మధ్యేమార్గం చెప్పింది. ఆ మూడంగుళాల ఖాళీకి ముందూ వెనుకా మూసిన చెక్కలు ఊడదీయాలి. ఒకవైపు నుంచి వంగి చూస్తే అవతలివైపు వెలుతురు కనిపించాలి. చీమ దాగినా తెలియాలి. అబ్బులు చెక్కలు ఊడదీసి, ఆ చోట్ల పలచని ఇనుప వల కొట్టాడు. ఆమె మోకాళ్ళమీద కూర్చొని, ఆ ఖాళీలోంచి అవతల ఉన్న దయారాణి చెప్పులు చూసి, తృప్తిపడి లేచింది. వివరమంతా తేదీతో రాసుకొంది.

ఆ తరువాత మూడు వారాలు చుక్క ఆ పెట్టెలోనే భోంచేసింది. మొదటిరోజున గిన్నె ద్వారంలో పెడితే మెడ చాపి తిన్నది. నాలుగోరోజుకు నాలుగు కాళ్ళూ లోపల పెట్టింది. మరియకుమారి తన పాత నేతచీర మడిచి లోపల పరిచింది, వాసనకు. తలుపు మొదట ఒక నిమిషం, తరువాత పది నిమిషాలు, తరువాత గంట మూసి అలవాటు చేసింది. చివరివారంలో కుక్క మధ్యాహ్నం నిద్రకు తనంత తానే అందులోకి పోయేది. కుక్కను ఇంత శ్రద్ధగా ప్రయాణానికి సిద్ధం చేసిన మరో మనిషిని దుబాయ్ విమానాశ్రయం చూసి ఉండదు.

ప్రయాణం మే ఇరవై ఒకటి, మధ్యాహ్నం పన్నెండు గంటల విమానం. ఆనాడు తెల్లవారి కుక్కకు కొంచెం గంజి మాత్రమే పోసి, పెరడంతా తిప్పి, పెట్టెలో ఎక్కించింది. నీళ్ళగిన్నె తలుపుకు తీగతో కట్టింది. పెట్టె మోయడానికి అబ్బులు వచ్చాడు. అతడు రావడం కూడా ఆమెకు నచ్చలేదు. ఇక చివరి క్షణంలో ఎవరూ ఏదీ లోపల పెట్టకుండా ఆమె పెట్టె తలుపుకు ఇత్తడి తాళంకప్ప వేసి, గడియమీద లక్క కరిగించి ముద్ర కొట్టి, దానికి అడ్డంగా తెల్లని మందుపట్టీ అతికించి తేదీతో సంతకం చేసింది. విషమందుల బీరువాకు వేసినట్టే. తాళంచెవి నడుముకు పోయింది.

అబ్బులు ఆ తాళం వంక చూశాడు.

"తాళమొద్దండి అమ్మగోరూ. దారిలో నీళ్ళు పొయ్యాలంటే ఎవరు తీత్తారండి? ఊరికే గడియేసి ఒగ్గెయ్యండి."

తాళం వద్దనేవాడికి తాళంతో ఏం పనో ఆమెకు అప్పుడే తెలిసిపోయినట్టనిపించింది. తాళం ఒకసారి లాగి చూసుకొంది. తొమ్మిది గంటలకు పెట్టెను సామాను విభాగంలో అప్పగించి, రసీదు తీసుకొని, అబ్బులు అక్కడినుంచి బయటికి పోయేదాకా నిలబడి చూసింది.

పదకొండున్నరకు విమానంలో ఏదో మరమ్మతు ఉందని, రెండు గంటలు ఆలస్యమని చెప్పారు. తరువాత మరో రెండు గంటలన్నారు. పాస్‌పోర్టుమీద ముద్ర పడి లోపలి హాలులో కూర్చొన్నవారికి వెనక్కి పోయే దారి లేదు. గాజుగోడ అవతల కాంక్రీటు తెల్లగా మండుతోంది. ఆ ఎండలో సామాను బళ్ళు వరుసగా నిలిచాయి. అందులో చుక్క పెట్టె ఉన్నదో లేదో ఇంత దూరానికి ఆనలేదు. మరియకుమారి అడిగిన ప్రతి యూనిఫారమూ అంతా సవ్యంగా ఉందనే చెప్పింది. ఎవరూ చూడలేదు, ఎవరికీ తెలియదు, అయినా అంతా సవ్యమే. బాధ్యత లేని నోళ్ళకు ఆ మాట ఎంత చౌక!

రెండు గంటలకు విమాన సంస్థ ఉద్యోగిని ఒకామె వేగంగా వచ్చి, కుక్క ఎవరిదని పెద్దగా అడిగింది. మెడలోని బిళ్ళమీద షాహీదా అని ఉంది. మాటనుబట్టి హైదరాబాదు పిల్ల. బళ్ళ దగ్గర కుక్క నీళ్ళగిన్నె కుదుపుకు ఒలికిపోయిందనీ, మోతగాళ్ళు పెట్టెను బండితో సహా నీడకు లాగారనీ, నీళ్ళు పెడదామంటే తాళముందనీ చెప్పి చెయ్యి చాపింది.

"చాబీ ఇయ్యండమ్మా, జల్ది."

మరియకుమారి లేచి, తానే వస్తానన్నది. షాహీదా కుదరదన్నది. ద్వారం దగ్గర నిలబడ్డ పోలీసు కూడా తల అడ్డంగా ఊపాడు. అప్పుడు మరియకుమారి చేతిసంచి తెరిచి, కాగితమూ పెన్నూ తీసి, ఒళ్ళో సంచిమీద పెట్టుకొని రాయడం మొదలుపెట్టింది. ఇత్తడి తాళంచెవి, ఒకటి. పుచ్చుకొన్నవారి పేరు, ఉద్యోగ సంఖ్య, వేళ. ఆ అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, తొందరలేకుండా వచ్చాయి. ఈ పిల్ల ఎవరు? దీన్ని పంపిందెవరు? తాళం తీసిన తరువాత పెట్టెలోకి ఏం పోతుందో చూసేదెవరు?

"ఏం రాస్తున్నరమ్మా?"

"రసీదు. నీ నంబరెంతమ్మా?"

షాహీదా ఒక్క క్షణం ఆ కాగితం వంక చూసింది. కోపం తెచ్చుకొన్నదనుకుంటే, గొంతు తగ్గించింది.

"ఒకటి కాదు, పది సంతకాలు జేస్త. గని మీ కుత్తా నిలబడతలేదు. నోట్లకెళ్ళి నురగొస్తున్నది. నాలిక నీలంగ అయితున్నదమ్మా."

పెన్ను ఆగింది. ఎండదెబ్బ తిన్న కూలీలను వేసవి వేసవికీ చూసిన నర్సుకు నాలుక నీలమంటే ఎన్ని నిమిషాలో ఎవరూ చెప్పనక్కరలేదు. మరియకుమారి నడుమునుంచి తాళంచెవి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. అది ఆ చేతిలో పడ్డాక కూడా ఆమె వేళ్ళు ఒక్క క్షణం వదలలేదు. తరువాత వార్డులో చెప్పినట్టే చెప్పింది: పొట్టకింద తడపాలి, పాదాలు తడపాలి, మంచునీళ్ళు వద్దు, మామూలు నీళ్ళు చాలు, ఒకేసారి తాగనివ్వకూడదు, గుక్కగుక్కగా పట్టాలి, గాలి తగలాలి.

షాహీదా పరుగెత్తింది. సగం రాసిన రసీదు మరియకుమారి ఒళ్ళోనే ఉండిపోయింది.

తరువాతి అరగంట ఆమె గాజుగోడ దగ్గర నిలబడే ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఎందరి ప్రాణాలకో కాపలా కాసిన మనిషి, ఒక కుక్క ప్రాణం దగ్గర తన జాగ్రత్తే తనకు అడ్డం పడడం ఆలోచిస్తూ నిలబడింది. దొంగలకు వేసిన తాళం నీళ్ళకు కూడా పడింది. ఆ సంగతి పొద్దున్నే ఒకడు చెప్పాడు కూడా.

షాహీదా తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతులు మోచేతిదాకా తడిసి ఉన్నాయి. కుక్క లేచి నిలబడిందనీ, నీళ్ళు తాగిందనీ, తడిచీర పిండి మళ్ళీ పరిచామనీ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది.

"ఆ బండి ఇనుపదమ్మా, చెయ్యి పెడితె అంటుకున్నంత కాలుతున్నది. కింద జాగా ఉంది గనక బతికింది, లేకుంటె పొట్ట కాలుతుండె. గాలి గూడ ఆడ్నించే పోతున్నది. మేం పోసిన నీళ్ళు సుత ఆడ్నించే కిందికి పోయినయి. ఎవరు జేసిండ్రు ఆ డబ్బా?"

మరియకుమారి తాళంచెవి ఏదని అడిగింది. పెట్టెకే దారంతో కట్టేశామనీ, బొంబాయిలో వాళ్ళకు కావలసి వస్తుందనీ షాహీదా అన్నది. తాళం మళ్ళీ వేయలేదట. ఉత్త గడియ మాత్రం వేశారట. లక్కముద్ర ముక్కలైంది.

నాలుగున్నరకు విమానం లేచింది. మూడు గంటల ప్రయాణంలో ఆమె కిటికీలోంచి ఒక్కసారి కూడా చూడలేదు. కుక్క బతికి ఉందన్న ఊరటా, ముద్ర తెగిన పెట్టె విమానమెక్కేదాకా ఎవరి చేతుల్లో ఉందోనన్న బెదురూ ఆమెలో పక్కపక్కనే కూర్చొన్నాయి. షాహీదా చెప్పినదంతా నిజమేనా? తాళం తీసినప్పుడు లోపల నీళ్ళే పోశారా, మరింకేదైనా పెట్టారా? హల్వా డబ్బా పిల్ల ఇదే దారిన పోయింది.

బొంబాయిలో కస్టమ్సు అధికారి కుక్కపెట్టె చూడగానే ఆమె దేనికి భయపడిందో అదే చేశాడు. కాగితాలు పక్కన పెట్టి, టేపు తెప్పించి, లోపలా వెలుపలా కొలిచాడు. ఇరవై ఏడు, ఇరవై నాలుగు. మూడంగుళాల తేడా ఏమిటని హిందీలో అడిగాడు. ఆమె పెట్టె అడుగు చూపించింది. వంగి చూడమని సైగ చేసింది. అతడు టార్చి వేసి ఒకవైపు వంగితే, వెలుతురు అవతలివైపు నేలమీద గుండ్రంగా పడింది. ఇనుప వలలో నాలుగు కుక్కవెంట్రుకలు తప్ప ఏమీ లేవు. అతడు లేచి మోకాళ్ళు దులుపుకొన్నాడు. చుక్క తడిసిన చీరమీద కూర్చొని, మరియకుమారి చేతివాసన తగలగానే తోకతో పెట్టె గోడను డబడబ కొట్టింది.

పెట్టె చేసిందెవరని అధికారి అడిగాడు. అబ్బులు అనే వడ్రంగి అని చెప్పింది. ఎరిగినవాడేనా అని అడిగాడు. పత్రంలో రాయబోతున్న జవాబుకోసం ఆగినట్టు ఆమె ఒక్క క్షణం ఆగి, ఎరగనని చెప్పింది. తనకు తెలిసినంతలో అదే నిజం.

రైళ్ళలో కుక్క గార్డు బోగీలో తన పెట్టెలోనే ప్రయాణం చేసింది. ప్రతి పెద్ద స్టేషనులో ఆమె దిగి నీళ్ళు పోసింది. ఆ తలుపుకు తాళం లేదు. మే ఇరవై నాలుగున నరసాపురంలో చెల్లెలి ఇంటి వాకిట చుక్క దిగి, కొబ్బరిచెట్టు మొదలు మూడుసార్లు వాసన చూసి, అక్కడే పడుకొంది.

ఓడలో వచ్చిన రేకుపెట్టె జూలై మొదటివారంలో చేరింది. మరియకుమారి దాన్ని విప్పి, తక్కిన పనులన్నీ పక్కన పెట్టి, మొదట 1981, 82 కట్టలు తీసింది. రెండు పూటలు వెదికింది. 1981 నవంబరు కట్టలో కనిపించింది. రోగి పేరు అబ్బులు, తండ్రి పేరు వెంకట్రాములు, ఊరు కోటిపల్లి, ఎడమ తొడ ఎముక విరుగు. పని చేస్తుండగా పరంజీ మీదినుంచి పడినట్టు ఆమె సొంత దస్తూరీ. కింద మరో నాలుగు పంక్తులు: "కంపెనీ మనిషి వచ్చి, గదిలో మంచంమీదినుంచి పడినట్టు మార్చి రాయమన్నాడు. నిరాకరించాను. కార్బను ప్రతి నా వద్ద ఉంచుకొన్నాను." తేదీ, వేళ, సంతకం.

అప్పుడు గుర్తుకొచ్చింది. ముఖం కాదు, ఆ కంపెనీ మనిషి సూటు, అతని వేలి ఉంగరాలు, మంచంమీదినుంచి పడితే తొడ ఎముక విరగదని తాను అతనితో అన్న మాట. ఆ ఒక్క మాట మార్చి ఉంటే ఆ కంపెనీ పరిహారం ఎగ్గొట్టి, ఆ మనిషిని విరిగిన కాలితోనే ఇంటికి పంపేసేది. ఆమె మటుకు అది ఆ రోజు రాసిన పదహారు కాగితాలలో ఒకటి. రాసి, మరచిపోయింది. అతడు మరచిపోలేదు. చదవడం రానివాడికి తేదీ గుర్తుండదు. అంతమాత్రాన జరిగినది గుర్తుండకపోదు.

ఆ సాయంకాలం ఆమె అల్ కుసైస్ షెడ్డు చిరునామాకు ఉత్తరం రాసింది. ముందు కుక్క క్షేమమని. తరువాత పెట్టె పనితనాన్ని గురించి, ఏ యజమానికైనా చూపించుకోవడానికి వీలుగా ఒక యోగ్యతాపత్రం, ఇంగ్లీషులో. ఆపైన ఇలా రాసింది: "బొంబాయిలో ఒక అధికారి నిన్ను నేనెరుగుదునా అని అడిగితే ఎరగనని చెప్పాను. అది తప్పు సమాధానం. నా దగ్గర కాగితం ఉంది. తాళం విషయంలో నీవు చెప్పినదే సరి. ఈ రెండూ రాతపూర్వకంగా ఒప్పుకొంటున్నాను." అలవాటు చొప్పున, ఉత్తరం అందినట్టు జవాబు పంపవలెనని కూడా చేర్చి, కార్బను ప్రతి పెట్టెలో పెట్టింది.

ఆగస్టులో జవాబు వచ్చింది. అబ్బులు చెబుతుంటే మరెవరో రాసింది. "అమ్మగారికి నమస్కారాలండి. కాగితం ముట్టిందండి, ఇక్కడ అందరికీ చదివించానండి. మా ముదీర్‌కి కూడా చూపించానండి. ఆ పెట్టె పారెయ్యకండి. కుక్కకి అవసరం లేనప్పుడు కోళ్ళకి పనికొస్తుందండి. అడుగున బద్దలున్నాయి కదండి, రెట్ట కిందకి పోతుంది."

మరియకుమారి ఆ ఉత్తరం మీద అందిన తేదీ వేసి, 1981 నవంబరు కాగితం వెనుక గుండుసూదితో గుచ్చింది. పెట్టె మాత్రం కోళ్ళకు ఇవ్వలేదు. మధ్యాహ్నం ఎండ ముదిరితే చుక్క ఇప్పటికీ అందులోకే పోయి పడుకొంటుంది.